గడప దాటాక తెలిసినవి

మనోవైద్యుడిగా విశాఖపట్నంలో నాలుగు దశాబ్దాలకు దగ్గరగా పనిచేశాను. రోగులను చూడటం మానేసి కొంతకాలమైంది. ఎదురైన పిల్లలు మాత్రం ఒక ప్రశ్న అడగడం మానలేదు: "సార్, మనసు బాగోలేనప్పుడు బయట నడిస్తే నిజంగా తగ్గుతుందా?" అవునని ఒక్క మాటలో చెప్పి పంపేయవచ్చు. కానీ ఆ అవును వెనుక చాలా షరతులున్నాయి. వాటిలో కొన్ని పుస్తకాల్లో దొరికాయి, ఎక్కువ భాగం రోగులు నేర్పారు, ఒకటి రెండు మా ఇంట్లోనే, ఆలస్యంగా తెలిశాయి.

1. పెద్దవాళ్లను కూర్చోబెట్టడమే మర్యాద అనుకోకండి.

మా నాన్న విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరి పోస్టుమాన్. చేల గట్ల మీద సైకిలు ఆయన్ని మోసిన దానికన్నా ఆయన సైకిలును మోసిందే ఎక్కువ. అందుకని దాన్ని ఇంట్లో వదిలేసి నడిచే వెళ్లేవాడు. ఖరగ్‌పూర్ రైల్వేలోనూ కలకత్తా జూట్ మిల్లుల్లోనూ పనిచేసే మా వైపు మనుషులు పంపిన మనియార్డర్లు ఇంటింటికీ చేర్చి, చదువురాని తల్లికి కొడుకు ఉత్తరం చదివి వినిపించి, జవాబు కూడా తానే రాసిపెట్టి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. నేను ఉద్యోగంలో కుదురుకున్నాక ఆయన్ని పట్నం తెచ్చుకున్నాను. మేడ మీద గది ఇచ్చి, టేకు పడక్కుర్చీ కొన్నాను. "జన్మంతా నడిచావు, చాలు నాన్నా, ఇంక కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. నా మాట కాదనడం ఆయనకు అలవాటు లేదు. కొన్నాళ్లకు మాట తగ్గింది, తిండి తగ్గింది, పగలు కునుకుపాట్లు, రాత్రి మేలుకువ. వయసు మీద పడిందనుకున్నాను. ఆయన రోజూ పలకరించే గడపలన్నీ నేనే దూరం చేశానన్న సంగతి మనసులకు వైద్యం చేసే నాకు తట్టలేదు.

సిగ్గుపడాల్సిన విషయం ఇంకొకటుంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనాన్ని నేను చదువుకునే రోజుల్లోనే చదివాను. రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చుని తోలే డ్రైవర్లకన్నా, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని అందులో తేలింది. తపాలా శాఖవాళ్లనూ ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. ఉత్తరాలు పంచే పోస్టుమాన్లు, బల్లల దగ్గర కూర్చునే గుమస్తాలకన్నా నయంగా ఉన్నారు. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఉన్న పోస్టుమాన్‌ను మాత్రం కుర్చీకి అప్పగించాను. మీ ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో కూరగాయలు నేను తెస్తానని సంచీ పట్టుకుంటే ఆ సంచీ లాక్కోకండి. బేరం చేస్తారు, దారిలో ఎవరితోనో అరగంట మాట్లాడతారు, వంకాయలు పుచ్చువి తెస్తారు. తేనివ్వండి.

2. చీటీ మీద 'నడవండి' అని రాస్తే వైద్యం పూర్తవదు.

మందుల పేర్ల కింద చివరి వరుసలో 'రోజూ ముప్పావు గంట నడక' అని రాయడం ఏళ్ల తరబడి నా అలవాటు. రాసేటప్పుడు తల కూడా ఎత్తేవాణ్ని కాదు. గాజువాక వైపు నుంచి వచ్చే ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి, దిగులుతో వైద్యం చేయించుకునేది. వచ్చినప్పుడల్లా "నడుస్తున్నావామ్మా?" అని అడిగేవాణ్ని, తలూపేది. ఒకరోజు మాత్రం తలూపకుండా "ఎక్కడ నడవమంటారు సార్?" అంది.

అప్పుడు వినడం మొదలుపెట్టాను. వాళ్ల సందులో రెండు వైపులా బళ్లు నిలిపి ఉంటాయి. మధ్యలో మిగిలిన జాగా కుక్కలది. తెల్లవారుజామున పిల్లల క్యారేజీలు, భర్త షిఫ్టు. సాయంత్రం వీధి మొగలో మందు కొట్టు, దాని ముందు మగవాళ్ల గుంపు. వీటన్నిటినీ దాటినా, చేతిలో సంచీ లేకుండా, పక్కన పిల్లలు లేకుండా ఊరికే నడిచి వస్తే అత్తగారి మొదటి ప్రశ్న "రోజూ ఎక్కడికి పోతన్నావు?" ఆమెకు కావలసింది నా సలహా కాదు, బయటికి వెళ్లడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకునే ఒక కారణం.

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. చిన్నవాణ్ని బడికి ఆటోలో పంపడం మాని తనే నడిపించి తీసుకెళ్లడం, వచ్చేటప్పుడు చుట్టుదారిన చెరువు గట్టు మీదుగా రావడం, మంగళవారం ఆంజనేయస్వామి గుడిలో ప్రదక్షిణలు. గుడికి అంటే ఇంట్లో ఎవరూ నోరెత్తరు. మన అమ్మమ్మలు పట్టిన నోములూ మొక్కిన ప్రదక్షిణలూ కొంతవరకు గడప దాటడానికి సంపాదించుకున్న అనుమతులేమోనని అప్పుడే అనిపించింది. ఆపైన నడక గురించి ఎవరికి చెప్పినా నాలుగు విషయాలు అడిగి మరీ రాశాను: ఏ దారి, ఏ వేళ, ఎవరు తోడు, ఇంట్లో ఏమని చెబుతారు. రాయడానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది. అంతకు ముందు చీటీలు పట్టుకుని తలూపుతూ వెళ్లిపోయిన ఆడవాళ్లు ఎంతమందో!

3. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట పక్కపక్కన నడిస్తే వస్తుంది.

ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాణ్ని తండ్రి తీసుకొచ్చాడు. కాలేజీకి వెళ్లడు, గది తలుపు తీయడు, అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి రావాలి. నా గదిలో బల్లకు అటు నేను, ఇటు వాడు, వాడి పక్కన వాడి తరఫున మాట్లాడే తండ్రి. ఎన్నిసార్లు వచ్చినా నాకు తండ్రి గొంతే వినపడింది. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. ఉక్కపోతకు తట్టుకోలేక "పద బాబూ, కాసేపు బయట తిరుగుదాం" అని లేచాను. తండ్రిని బెంచీ మీద కూర్చోమన్నాను. ఆవరణలో నిద్రగన్నేరు చెట్ల కింద ఒక చుట్టు తిరిగే దాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. రెండో చుట్టులో, నా ముఖం వంక కాక నీళ్ల ట్యాంకు వంక చూస్తూ, "క్రికెట్ బెట్టింగులో ఫీజు డబ్బులు పోయాయి సార్, నాన్నకు తెలీదు" అన్నాడు. అన్నాళ్లూ నేను రాసిన మందుల్లో ఒక్కటీ ఆ మాటను బయటికి తీసుకురాలేదు.

బల్లకు అటూ ఇటూ కూర్చుంటే కళ్లు కళ్లను వెతుకుతాయి, మన పిల్లలకు అది విచారణ కింద లెక్క. నడిచేటప్పుడు కళ్లకు వేరే పని ఉంటుంది. మౌనం వచ్చినా ఎవరూ ఇబ్బంది పడరు, అడుగులు పడుతూనే ఉంటాయి కనుక. వాక్ అండ్ టాక్ థెరపీ అనే పేరుతో కొన్ని దేశాల్లో కౌన్సెలర్లు దీన్ని ఒక పద్ధతిగానే పాటిస్తున్నారు. గాంధీజీ నడక వేళలోనే ఎందరితోనో మాట్లాడేవారు. ఆరుబయట నడిస్తే మంచిదని బడి చదువుల నాడు పుస్తకాల్లో చదివి ఆ అలవాటు చేసుకున్నానని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు.

నేనూ కొందరిని బీచ్ రోడ్డు దాకా తీసుకెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ ఇంకో పాఠం దొరికింది. ఒక అమ్మాయి తన కష్టం చెప్పుకుంటూ కన్నీళ్లు పెట్టుకున్న క్షణాన ఎదురొచ్చిన పెద్దమనిషి ఆగి, "నమస్కారం డాక్టరు గారూ, ఎవరండీ, కోడలా?" అన్నాడు. మనది పేరుకే నగరం, ప్రతి మలుపులో ఒక చుట్టం ఉంటాడు. అటుపైన బయలుదేరే ముందే రోగితో మాట్లాడుకునేవాణ్ని: ఎవరైనా పలకరిస్తే ఏమనాలి, ఎక్కడ మాట ఆపాలి, అసలు బయటికి రావడం ఇష్టమేనా. ఇది అందరికీ పనికిరాదు. జనమంతా తననే చూస్తున్నారని భయపడేవాడికి రోడ్డు మేలు చేయదు. ప్రాణం తీసుకోవాలన్న తలపులో ఉన్నవాణ్ని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లడం వైద్యం కాదు. వాళ్లకు నాలుగు గోడలూ, కనిపెట్టుకుని ఉండే మనిషీ కావాలి.

తండ్రులకు ఒక మాట. కొడుకుతో మాట్లాడాలనుకుంటే సోఫాలో ఎదురుగా కూర్చోబెట్టకండి. ఇస్త్రీ బట్టలు తెద్దాం రమ్మని వీధి చివరిదాకా నడవండి. వెళ్లేటప్పుడు ఏమీ అడగకండి.

4. ఒకే తలపు తిరగలిలా తిరుగుతుంటే దాన్ని చేత్తో ఆపలేం, కాళ్లతో కొంత నెమ్మది చేయగలం.

నా భార్య పోయిన ఏడాది ఇది నా మీదే రుజువైంది. ఆమెకు మొదట దగ్గు వచ్చినప్పుడే ఎక్స్‌రే తీయించి ఉంటే? ఆ పెళ్లి ప్రయాణం వద్దని ఉంటే? రాత్రి రెండింటికి మొదలై తెల్లవార్లూ అవే ప్రశ్నలు, అవే జవాబులు, మళ్లీ మొదటి నుంచి. రోగులకు చెప్పిన ఉపాయాలన్నీ నాకు తెలుసు, ఒక్కటీ పనిచేయలేదు. తెల్లవారకముందే లేచి బీచ్ రోడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. పొద్దున్న కొన్ని గంటలపాటు అక్కడ బళ్లను రానివ్వరు. కోస్టల్ బ్యాటరీ దగ్గర నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటి పోతుంటే ఒక పక్క కెరటాల హోరు, ఇంకో పక్క వలలు దులిపే మనుషులు. దుఃఖం తగ్గలేదు. ప్రశ్నల మధ్య సందు పెరిగింది. ఆ సందులో చేపల వాసన, ఎవరిదో నవ్వు, నా చెప్పుల చప్పుడు వచ్చి చేరేవి. ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువ నాకు అక్కర్లేదు కూడా.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం 2015లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న 38 మంది నగరవాసుల్లో కొందరిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, మిగతావారిని బళ్లు రద్దీగా తిరిగే రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించారు. పచ్చదనంలో నడిచినవాళ్లలో తమ గురించి తాము చేదుగా తవ్వుకునే ఆలోచనలు తగ్గాయి, ఆ తవ్వకంతో సంబంధమున్న ముందు మెదడు భాగంలో చురుకూ తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు లేదు. చిన్న ప్రయోగమే, దాని మీద మేడలు కట్టనక్కర్లేదు. అయినా ఎన్ని అడుగులు వేశామన్నదే కాదు, ఎక్కడ వేశామన్నదీ లెక్కలోకి వస్తుందని నాకు దాంతో ధైర్యం చిక్కింది. సముద్రం అందరికీ ఉండదు. హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలో చెట్ల దారులున్నాయి, కేబీఆర్ పార్కు ఉంది. పల్లెల్లో చెరువు గట్టు, కాలువ గట్టు ఉన్నాయి. ఏదీ లేకపోతే మీ పేటలో చెట్లు ఎక్కువున్న సందు వెతకండి, అది కాస్త చుట్టైనా సరే.

5. వెలుతురు కూడా ఒక మందే.

మధురవాడ, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రాత్రి షిఫ్టు చేసే పిల్లలు నిద్ర పట్టడం లేదని వచ్చేవారు. మనసులో దిగులేమిటని తవ్వి తవ్వి అడిగేవాణ్ని. వాళ్లు పగటి వెలుతురు చూసి ఎన్నాళ్లయిందని అడగాలని తట్టడానికి చాలా కాలం పట్టింది. మామూలు గదిలో దీపాల వెలుగు కొన్ని వందల లక్సులకు మించదు. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది, నిండు ఎండలో లక్షను తాకుతుంది. మన కంటికి గది వెలుగుగానే తోస్తుంది గానీ, లోపలి గడియారం అంత తేలిగ్గా మోసపోదు. వెలుతురును కొలిచి ఆ గడియారానికి కబురందించే కణాలు రెటీనాలో వేరుగా ఉన్నాయని 2002లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. లేచిన గంటలోపు బయటికి వచ్చి నడిస్తే రాత్రి నిద్రకు అక్కడే పునాది పడుతుంది. డి విటమిన్ సంగతి వేరు. దాన్ని తయారుచేసే కిరణాలు లేత ఎండలో తక్కువ. పొద్దున్న నడుస్తున్నాం కదా, డి విటమిన్ సరిపోతుందిలే అనుకునేవాళ్లు రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది.

6. పదివేల అంకెకు పూజ చేయకండి.

నా మిత్రుడొకాయన, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి విరమించాడు, రాత్రి పదిన్నరకు ఫోను చేతిలో పట్టుకుని హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకు తిరుగుతాడు. పదివేలు పూర్తి కావాలి. తొమ్మిదివేల ఎనిమిది వందల దగ్గర ఫోను ఛార్జింగు అయిపోయిన రోజున భార్యతో పోట్లాడాడు. మనశ్శాంతి కోసం మొదలుపెట్టిన నడక అది!

ఆ అంకె ప్రచారంలోకి వచ్చింది ఒక అమ్మకపు సరుకు పేరుతో. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. పదివేల అడుగుల కొలత అని అర్థం వచ్చేలా దానికి మాన్పోకేయ్ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి అది ప్రపంచమంతా పాకింది. 2019లో ఐ-మిన్ లీ అనే పరిశోధకురాలి బృందం, సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేల పైచిలుకు అమెరికన్ స్త్రీల అడుగులు కొలిచింది. రోజుకు 2,700 అడుగుల దగ్గర ఉన్నవారికన్నా 4,400 దగ్గర ఉన్నవారిలో మరణాలు స్పష్టంగా తక్కువ. 7,500 దాటాక అదనంగా లాభం కనిపించలేదు. నడక ఆయుష్షు పెంచిందా, ఆరోగ్యం ఉన్నవాళ్లే ఎక్కువ నడిచారా అన్నది ఇలాంటి అధ్యయనం పూర్తిగా తేల్చలేదు. అయినా పదివేలు వేయలేకపోతున్నామని పూర్తిగా మానేసే మా వయసువాళ్లకు ఇది ఊరట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం. అంతే.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఒకేసారి గంట నడవడంతో పాటు, భోజనం తర్వాత పావుగంట నడకను కూడా నమ్మవచ్చు. పని చేసే కండరం ఇన్సులిన్ కోసం కాచుకోకుండా రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. భోంచేశాక కాసేపు స్థిమితంగా కూర్చుని, ఆపైన వంద అడుగులు వేయమని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. ఆయన చేతిలో ఫోను లేదు, వందకే ఆగాడు.

7. మంచం దిగలేని మనిషికి నడక గురించి ఉపన్యాసం ఇవ్వకండి.

తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నవాడు బద్ధకస్తుడు కాదు. పళ్లు తోముకోవడానికే రోజంతా బలం కూడదీసుకునేవాళ్లను చూశాను. అలాంటివాళ్లతో "లేచి నాలుగడుగులు వేయి, అదే పోతుంది" అంటే, లేవలేకపోవడం కూడా తన తప్పేనని ఇంకాస్త కుంగిపోతారు. మొదటి వారం వరండాలో కుర్చీ వేసి పక్కన ఎవరైనా కూర్చోండి. తర్వాత గేటు దాకా. ఇంకొన్నాళ్లకు పాన్‌డబ్బా దాకా. ఇష్టం పుట్టాక నడుద్దామని ఆగితే అది పుట్టదు. అడుగు ముందు పడాలి, ఇష్టం ఎప్పుడో వెనకాల వస్తుంది. ఒక మోస్తరు దిగులుకు నడక బాగా సాయపడుతుంది. తీవ్రమైనదానికి మందుతో కలిసి సాయపడుతుంది, మందుకు బదులు కాదు.

బదులు కాదన్న ఈ రెండు మాటలు నేను ఒక సభలో చెప్పలేదు. వాకర్స్ సంఘం వాళ్లు ఆహ్వానించారు. ఉదయపు గాలి, ఎదురుగా ఉత్సాహంగా వందల మంది. ఊపులో "నడిచే కాళ్లుండగా మాత్రలతో పనేమిటి?" అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ గుంపులో బైపోలార్ జబ్బుకు ఏళ్లుగా లిథియం వాడుతూ నెమ్మదిగా ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. నా మాట నమ్మి మాత్రలు ఆపేశారు. కొన్ని నెలలకు ఉన్మాద దశలో, పెన్షను డబ్బంతా ఎవరెవరికో పంచిపెట్టాక, కొడుకులు పట్టి తెచ్చారు. తేరుకున్నాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మీరే అన్నారు కదా సార్" అని మాత్రం ఆయన భార్య ఒకసారి, మెల్లగా, మందుల చీటీ అందుకుంటూ అంది. వేదిక మీద వైద్యుడు చమత్కరించకూడదు.

మందులు మార్చాలన్నా మానాలన్నా రాసినవాళ్లనే అడగండి. ఎవరినీ అడిగే స్థితిలో లేకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు అది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

8. ఒంటరి నడకకు ఒక వేళ, తోడు నడకకు ఒక వేళ.

దుఃఖంలో ఒంటరిగా నడవడమే నాకు నచ్చింది. తర్వాత ఒంటరితనం బరువైంది. బీచ్ రోడ్డులో రోజూ ఎదురయ్యే ఒక ముసలివాళ్ల గుంపులో చేరాను. రాజకీయాలు, మోకాళ్లు, కోడళ్లు, అమెరికాలో మనవలు, ఇవే మాటలు. మొదట విసుగనిపించింది. ఒకరోజు జ్వరంతో వెళ్లలేకపోతే ఇద్దరు ఇంటికి వచ్చి తలుపు కొట్టారు. నేను రాలేదని గమనించే మనుషులు ఈ వయసులో ఉన్నారంటే ఆ కబుర్లకు ఓర్చుకోవచ్చనిపించింది.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఒకసారైనా చేయండి, భక్తి లేకపోయినా సరే. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మందితో, రాత్రంతా. దారి పొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్లు మజ్జిగ ఇస్తారు, పులిహోర పెడతారు, కాళ్లకు నూనె రాస్తారు. నా పక్కన నడిచినవాడి పేరు నేను అడగలేదు, అతనూ నా పేరు అడగలేదు. హనుమంతవాక దాటే దాకా అతని అప్పుల కథ విన్నాను. రోగుల కష్టాలు వినడమే జీవితంగా బతికినవాణ్ని. ఆ రాత్రి విన్నట్టు ఎప్పుడూ వినలేదేమో.

9. కాళ్లు చెప్పేది చెవిన పెట్టండి.

ఈ పాఠం గబగబా చెప్పేస్తాను. నడిచేటప్పుడు ఛాతీ బిగిసి, ఆగితే తగ్గితే, అది గ్యాసు కాదు, గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి. చక్కెర వ్యాధితో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు పార్కుల్లో గులకరాళ్ల బాట మీద ఉత్త కాళ్లతో నడవకండి, గుడి బండల వేడి కూడా తెలియదు, మానని పుండుగా మారాకే తెలుస్తుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్ల జేబులో రెండు గ్లూకోజు బిళ్లలుండాలి. వైశాఖ జ్యేష్ఠాల్లో కోస్తా ఉక్కకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పొద్దు ఎక్కకముందే ఇల్లు చేరండి. పొగా దుమ్మూ దట్టంగా ఉన్న చలికాలపు ఉదయాల్లో ఉబ్బసం ఉన్నవాళ్లు కాస్త ఎండ వచ్చాక బయలుదేరడం మేలు. చెవుల్లో పాటలు పెట్టుకుని రోడ్డు మీద నడవకండి. వెనక వచ్చే బండి హారన్ వినిపించాలి, పక్కన వెళ్లే మనిషి పలకరింపూ వినిపించాలి.

10. నడవనిచ్చే ఊరు దానంతట అది రాదు, అడిగి తెచ్చుకోవాలి.

ఇన్నాళ్లూ నడకను రోగి పట్టుదలకు సంబంధించిన విషయంగానే చూశాను. నడవలేదంటే రోగిదే తప్పన్నట్టు మాట్లాడాను. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన జ్యూస్ బండి, ఆ పక్కన నాలుగు మోటారు సైకిళ్లు, మూత లేని మురుగు కాలువ. ఇవేవీ రోగి మనసులో లేవు, రోడ్డు మీద ఉన్నాయి. బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్లు ఆపగానే చంటిపిల్లల తల్లులు, కర్ర పట్టుకున్న తాతలు, స్కేటింగు పిల్లలు ఎక్కడి నుంచో పుట్టుకొస్తారు. అంతమందీ అప్పటిదాకా ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లకు పట్టుదల లేక కాదు, చోటు లేక.

మా కాలనీలో చిన్న పార్కుంది. తొమ్మిదింటికి గేటుకు తాళం వేస్తారు, మళ్లీ సాయంత్రమే తీస్తారు. ఎందుకని అడిగితే, తెరిచి ఉంచితే ప్రేమికులు చేరతారని ఒకరు, గడ్డి పాడవుతుందని ఇంకొకరు. నాలుగిళ్లలో పాచిపని ముగించుకుని పదకొండింటికి కాస్త తీరిక దొరికే ఆడవాళ్లు ఆ గేటు బయట, ఎండలో, గోడ నీడను అంటిపెట్టుకుని కూర్చుంటారు. వాళ్లలో సగం మందికి రక్తపోటుంది, ఒకామెకు నేనే మందు రాశాను, చివరి వరుసలో నడవమనీ రాశాను. మధ్యాహ్నం దాకా గేటు తీసి ఉంచమని కాలనీ సంఘం పోయిన సమావేశంలో అడిగితే ఆదివారాలకు మాత్రం ఒప్పుకున్నారు. ఆదివారం ఆ ఆడవాళ్లకు సెలవు ఉండదు, పైగా చుట్టాలొచ్చిన ఇళ్లలో పని రెట్టింపు. వచ్చే నెల సమావేశానికి మళ్లీ అర్జీ రాశాను. ఈసారి కింద సంతకాల్లో వాళ్లవీ ఉన్నాయి, రెండు వేలిముద్రలతో సహా.